పాత చెరొకీ విమానానికి రెక్క కొనలు మార్చాలంటే: నిర్ణయం నుంచి తొలి పరీక్ష దాకా ఎలా చేయాలి

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ సంపాదించి, ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి యాభై ఏళ్ల నాటి చిన్న విమానాన్ని కొనుక్కునేవారు ఉన్నారు. అలా కొన్న విమానం పైపర్ చెరొకీ అయితే, కొద్ది నెలల్లోనే మీ చూపు దాని రెక్క కొనల మీద పడుతుంది. ఎండకు పెళుసుబారి, స్క్రూల చుట్టూ పగుళ్లు పట్టిన పాత ప్లాస్టిక్ కొనలను ఎలాగూ మార్చవలసి ఉంటుంది. అలాంటప్పుడు పాత ఆకారానివే వేయాలా, లేక వేగం పెంచుతామనీ స్టాల్ వేగం (ఇంతకన్నా నెమ్మదిస్తే రెక్క విమానాన్ని మోయలేని వేగం) తగ్గిస్తామనీ చెప్పి అమ్మే కొత్త ఆకారపు కొనలు వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు మీ విమానానికి తగిన జవాబును మీరే తేల్చుకుని, పనిని చట్టబద్ధంగా, భద్రంగా పూర్తి చేయడానికి అనుసరించవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. చెరొకీలన్నీ చేరే పైపర్ సంస్థ పీఏ-28 వరుసను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. దాదాపు ఒకే విమానానికి, ఒకే ఇంజనుతో, తయారీదారే రెండు వేర్వేరు రెక్కలు వేసి అమ్మిన సందర్భం ఇది. కాబట్టి రెక్క మారితే ఏది మారుతుందో పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం.

మొదటి పని: మీకు ఏం కావాలో కాగితం మీద రాసుకోండి

ప్రయాణ వేగం, ఎక్కుడు (విమానం పైకి ఎక్కే వేగం), తక్కువ వేగంలో అదుపు, దిగేటప్పటి ప్రవర్తన అనే ఈ నాలుగూ ఒకే మార్పుతో మెరుగుపడవు. కొలరాడో వంటి ఎత్తైన చోట వేసవి మధ్యాహ్నం బయలుదేరవలసిన వ్యక్తికి కావలసింది ఎక్కుడు. చదునైన టెక్సస్‌లో రెండు వందల మైళ్లు నేరుగా వెళ్లి వచ్చే వ్యక్తికి కావలసింది ప్రయాణ వేగం. గడ్డి రన్‌వేల మీద దిగేవారికి తక్కువ వేగంలో అదుపు ముఖ్యం. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని రాసి పెట్టుకోండి. ఆ తరువాత చదివే ప్రతి ప్రకటననూ ఆ ఒక్క వాక్యంతో పోల్చి చూస్తే చాలా ఖర్చు తప్పుతుంది.

రెండవ పని: మీ విమానానికి ఉన్న రెక్క ఏదో గుర్తించండి

చెరొకీ 1960లో తొలిసారి ఎగిరింది. ఫ్రెడ్ వీక్, జాన్ థార్ప్, కార్ల్ బెర్గీ దాని రూపకర్తలు. ఆ విమానానికి వేసిన రెక్క మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పుతో, పీటలా ఉంటుంది. అమెరికన్లు తమ చాక్లెట్ బిళ్ల పేరుతో దాన్ని హెర్షీ బార్ రెక్క అంటారు. ఒక కొన నుంచి మరో కొనకు 30 అడుగులు, రెక్క వెడల్పు 63 అంగుళాలు, మొత్తం వైశాల్యం సుమారు 160 చదరపు అడుగులు. రెక్క అడ్డకోతకు నాకా (నాసాకు ముందున్న అమెరికా వైమానిక పరిశోధన సంస్థ) 65 వరుస ఆకారాన్ని తీసుకున్నారు. ఒకే వెడల్పు కావడంతో రిబ్బులన్నీ (రెక్క ఆకారాన్ని నిలిపే అడ్డ చట్రాలు) ఒకే అచ్చులో వస్తాయి, తయారీ చవకవుతుంది, బాగుచేయడమూ తేలికే.

1974లో పైపర్ సంస్థ వారియర్ పేరుతో పీఏ-28-151ని తెచ్చింది. దాని రెక్క లోపలి భాగం పాత రెక్క లాగే ఒకే వెడల్పుతో సాగి, బయటి భాగం కొన వైపు సన్నబడుతుంది. నిడివి 35 అడుగులు, వైశాల్యం 170 చదరపు అడుగులు. చెరొకీ 140లోనూ వారియర్‌లోనూ ఇంజను శక్తి 150 హార్స్‌పవరే. అయినా మొదటిదానికి అనుమతించిన గరిష్ఠ బరువు 2150 పౌండ్లు కాగా, రెండవదానికి 2325 పౌండ్లు. రెండు విమానాల మధ్య ఇతర తేడాలు కూడా ఉన్నాయి గానీ, అదే శక్తితో అదనపు బరువును మోయగలగడంలో రెక్క పాత్ర పెద్దది.

ఈ రెండింటి మధ్య మరో రెక్క కూడా ఉంది. 1973లో చాలెంజర్ పేరుతో వచ్చిన పీఏ-28-180కి బండిని (రెక్కలు కాక మధ్యనున్న విమానం మొండేన్ని) పొడిగించడంతోపాటు పీట రెక్కనే 32 అడుగులకు పెంచారు. అదే విమానం 1974లో ఆర్చర్ అయింది. 1976లో వచ్చిన ఆర్చర్-2కు మాత్రం సన్నబడే రెక్క వేశారు. అంటే ఆర్చర్ అన్న పేరు చూసి రెక్కను ఊహించకూడదు. ‘ఆరో’ అనే మరో పీఏ-28 మోడల్ విషయంలోనూ ఇంతే. 1977లో వచ్చిన ఆరో-3 నుంచే సన్నబడే రెక్క మొదలైంది. చెరొకీ 140కి చివరి దాకా, అంటే 1977 వరకు, 30 అడుగుల రెక్కే కొనసాగింది. అందువల్ల పేరునూ తయారీ సంవత్సరాన్నీ నమ్ముకోకుండా, డేటా ప్లేట్ మీద ఉన్న మోడల్ సంఖ్యను, సీరియల్ సంఖ్యను రాసుకుని, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ విడుదల చేసే 2ఏ13 అనే టైప్ సర్టిఫికెట్ డేటా పత్రంతో సరిపోల్చండి. ఆ తరువాత టేపు పట్టుకుని కొన నుంచి కొనకు స్వయంగా కొలవండి. మీ మోడల్‌కు తయారీదారు చెప్పిన నిడివికీ మీ కొలతకూ అరడుగు తేడా వచ్చిందంటే, గతంలో ఎవరో కొనలు మార్చి ఉంటారు. ఆ మార్పుకు కాగితం ఉందో లేదో వెతకవలసిన పని అప్పుడే మొదలవుతుంది.

చెరొకీ 235 యజమానులు ఇంకొక విషయం గమనించాలి. ఆ మోడల్‌లో రెక్క కొనలే ఇంధన ట్యాంకులు. రెక్క లోపలి ప్రధాన ట్యాంకులు ఒక్కొక్కటి 25 గ్యాలన్లు, ఫైబర్‌గ్లాస్ కొన ట్యాంకులు ఒక్కొక్కటి 17 గ్యాలన్లు, మొత్తం 84 గ్యాలన్లు. ఈ విమానం కొనను అలంకారంగా భావించి తీసేయడానికి వీల్లేదు. అందులో ఇంధన వ్యవస్థ ఉంది కాబట్టి అది పూర్తిగా వేరే పని. ఈ వ్యాసంలోని సలహాలు దానికి వర్తించవు.

మూడవ పని: లెక్క వేయండి

ఇది చాలామంది దాటవేసే మెట్టు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది కూడా ఇదే.

రెక్క లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) ఇస్తున్నప్పుడు కింది వైపు ఎక్కువ పీడనం, పై వైపు తక్కువ పీడనం ఉంటాయి. కొన దగ్గర గాలి కింది నుంచి పైకి చుట్టుకుపోయి సుడి తిరుగుతుంది. ఈ సుడి వల్ల రెక్క మీదుగా పోయే గాలి కొంత కిందికి వాలుతుంది. దానితో లిఫ్ట్ బలం కొంచెం వెనక్కి వంగుతుంది. అలా వెనక్కి వంగిన భాగమే ఇండ్యూస్డ్ డ్రాగ్ (డ్రాగ్ అంటే విమానాన్ని వెనక్కి లాగే బలం). ఇది వేగం పెరిగే కొద్దీ తగ్గుతుంది, వేగం తగ్గే కొద్దీ పెరుగుతుంది. గాలి రాపిడి వల్ల కలిగే డ్రాగ్ తీరు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం.

లెక్క చేసేటప్పుడు గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ఒకే బరువు, ఒకే వేగం వద్ద ఇండ్యూస్డ్ డ్రాగ్ రెక్కల నిడివి వర్గానికి విలోమంగా మారుతుంది. కొన ఆకారం కన్నా నిడివి ఎక్కువ ప్రభావం చూపుతుందని దీని అర్థం. చెరొకీ 140ని తీసుకుందాం. బరువు 2150 పౌండ్లు, సముద్ర మట్టం, వేగం 70 నాట్లు, రెక్క సామర్థ్య గుణకం (ఆదర్శ రెక్కతో పోలిస్తే ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే అంకె) 0.8 అనుకుంటే, 30 అడుగుల రెక్కకు ఇండ్యూస్డ్ డ్రాగ్ సుమారు 123 పౌండ్లు వస్తుంది. అదే బరువును 35 అడుగుల రెక్క మోస్తే అది సుమారు 90 పౌండ్లకు దిగుతుంది. ఆ 33 పౌండ్ల తేడాను ఎక్కుడుగా మార్చి చూస్తే నిమిషానికి దాదాపు 108 అడుగులు. వేసవి మధ్యాహ్నం నిమిషానికి మూడు వందల అడుగులు కూడా ఎక్కడానికి ఆయాసపడే విమానానికి ఇది చిన్న విషయం కాదు. ఇక 110 నాట్ల ప్రయాణ వేగంలో ఇదే తేడా సుమారు 13 పౌండ్లే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మీరు వేయబోయే కొత్త కొనలు ఒక్కొక్కటి ఆరు అంగుళాలు పొడవు పెంచి, మొత్తం నిడివిని 31 అడుగులు చేస్తాయనుకోండి. ఇండ్యూస్డ్ డ్రాగ్ 6 శాతం పైచిలుకు తగ్గుతుంది. అంటే 70 నాట్ల వద్ద 8 పౌండ్లకు కొంచెం తక్కువ, ఎక్కుడు లెక్కలో నిమిషానికి 25 అడుగులు. 110 నాట్ల వద్ద తగ్గేది 3 పౌండ్లే. ఆ వేగంలో మొత్తం డ్రాగ్ 260 పౌండ్ల పైన ఉంటుంది కాబట్టి, ప్రయాణ వేగంలో లాభం అర నాట్ దగ్గర తేలుతుంది. పెరిగిన ఉపరితలం మీద గాలి రాపిడి అందులోనూ కొంత తినేస్తుంది. కొనలు మార్చగానే ఐదారు నాట్లు పెరుగుతాయని ఎవరైనా చెబితే, ఈ లెక్కను వారి ముందు పెట్టి, ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుందో చూపించమని అడగండి. మీ విమానం బరువుతో, మీరు తరచుగా ఎగిరే వేగంతో ఇదే లెక్కను మీరే తిరిగి వేసుకోండి. పాత విమానాల్లో వేగమాపకం గంటకు మైళ్లలో ఉండవచ్చు. ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.15 మైళ్లని గుర్తుంచుకుని మార్చుకోండి.

నాలుగవ పని: స్టాల్ తీరును అర్థం చేసుకోండి

పీట రెక్కను పాతకాలపు చవక పనిగా తీసిపారేయడం అన్యాయం. ఒకే వెడల్పు ఉన్న రెక్క సహజంగానే మొదట బండికి దగ్గరగా ఉన్న భాగంలో స్టాల్ అవుతుంది. కొన వైపు ఉన్న ఏలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే కదిలే పలకలు) చివరి దాకా పనిచేస్తూ ఉంటాయి. ముక్కు మెల్లగా ఊగుతుంది, విమానం దిగిపోతూ ఉంటుంది, కానీ ఒక రెక్క ఒక్కసారిగా వాలిపోయే ప్రమాదం తక్కువ. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో ఈ గుణం ప్రాణాలు కాపాడుతుంది. రెక్క కొన వైపు సన్నబడే కొద్దీ, అక్కడి ఇరుకైన భాగం తన వెడల్పుకు మించిన లిఫ్ట్ భారాన్ని మోయవలసి వస్తుంది. అందువల్ల స్టాల్ కొన వైపు జరిగే స్వభావం ఏర్పడుతుంది. ఆ స్వభావాన్ని అణచడానికి కొన భాగాన్ని కొద్దిగా కిందికి మెలిపెట్టడం, రెక్క మూలం దగ్గర ముందు అంచుకు స్టాల్ స్ట్రిప్ వేయడం వంటి ఉపాయాలను రూపకర్తలు వాడతారు.

దీని నుంచి మీరు గ్రహించవలసింది ఏమిటంటే, ఏలరాన్ బయటి అంచుకు ఆనుకుని వేసే ఏ కొత్త భాగమైనా, స్టాల్ ఎక్కడ మొదలవుతుందన్న విషయంలో జోక్యం చేసుకునే చోటే ఉంది. నిడివి పెరిగితే విమానం పక్కకు ఒరగడాన్ని గాలి మరింతగా అడ్డుకుంటుంది కాబట్టి ఏలరాన్ల స్పందన కాస్త మందగిస్తుంది. దిగేటప్పుడు కూడా తేడా ఉంటుంది. పీట రెక్క చెరొకీ వేగం తగ్గిన వెంటనే గబగబా కిందికి దిగిపోతుంది. వారియర్ మాత్రం రెండు మూడు నాట్లు ఎక్కువ ఉంటే చాలు, రన్‌వే మీద తేలుతూనే పోతుంది. పొడవు పెంచిన మీ చెరొకీ ఆ స్వభావంలోకి కొద్దిగా జరుగుతుంది.

ఐదవ పని: మార్పు రకాన్ని ఎంచుకోండి

మార్కెట్లో దొరికే కొనల్లో ఎక్కువగా వినిపించే పేరు హోర్నర్. జర్మనీలో పుట్టి తరువాత అమెరికాలో పనిచేసిన వాయుగతి శాస్త్రవేత్త సిగ్‌హార్డ్ హోర్నర్ పరిశీలనల నుంచి వచ్చిన ఆకారం ఇది. ఇందులో కొన కింది భాగాన్ని ఏటవాలుగా కోసి, పై అంచును పదునుగా ఉంచుతారు. సుడి గుండ్రని కొన చుట్టూ లోపలికి పాకకుండా, వీలైనంత బయటి అంచు దగ్గరే విడిపోయేలా చేయడం దీని ఉద్దేశం. దీనివల్ల అసలు కొలతకన్నా నిడివి కొంచెం ఎక్కువ ఉన్నట్టుగా రెక్క పనిచేస్తుంది. లాభం నిజమే గానీ, అది పైన వేసిన లెక్కలోని కొద్ది అంగుళాల స్థాయిలోనే ఉంటుంది. రెండవ రకం కిందికి వంగిన కొన. చూడటానికి గంభీరంగా ఉంటుంది, తక్కువ వేగంలో గాలిని ఆపి ఉంచుతుందని చెబుతారు. అదే పొడవును వంచకుండా నేరుగా బయటికి చాచితే దక్కే లాభం ఎక్కువ అన్నది నా అభిప్రాయం.

మీరు రాసుకున్న కాగితంలో తక్కువ వేగపు అదుపు అని ఉంటే, కొనల జోలికి పోవడం కన్నా వోర్టెక్స్ జనరేటర్లను పరిశీలించడం మంచిది. రెక్క పై భాగంలో ముందు అంచుకు దగ్గరగా వరుసగా అతికించే చిన్న లోహపు బిళ్లలు ఇవి. ఇవి చిన్న సుడులు పుట్టించి, పై పొరలోని వేగమైన గాలిని ఉపరితలం దగ్గరికి లాగుతాయి. దానితో గాలి రెక్కను విడిచిపెట్టే క్షణం ఆలస్యమవుతుంది. ప్రయాణ వేగాన్ని ఇవి పెంచవు. రెక్క తుడిచేటప్పుడు గుడ్డ వీటికి తగులుకుంటుంది, ఒకటి రెండు ఊడితే ఎగరవచ్చో లేదో వాటి పత్రంలో చూడాలి. ఇక ఫ్లాపుల (దిగేటప్పుడు కిందికి దించే రెక్క వెనుక పలకలు), ఏలరాన్ల ఖాళీలను మూసే పట్టీలు మరో దారి. కొన అందం కోసం పెట్టే డబ్బుకు ఇవి తరచుగా ఎక్కువ ఫలితం ఇస్తాయి. కానీ అదుపు భాగాలు పూర్తి కదలికలో ఎక్కడా రాసుకోకూడదు.

సెస్నా 172 యజమానులకు ఒక మాట. దాని రెక్క అప్పటికే దాదాపు 36 అడుగులు, వైశాల్యం 174 చదరపు అడుగులు. చెరొకీ లాగా నిడివి కొరత దానికి లేదు. అందుకే ఆ విమానానికి ఎక్కువగా ముందు అంచును వంపు తిప్పే మార్పులు వచ్చాయి. 1973 నుంచి తయారీదారే అటువంటి అంచును వేశాడు. మీది అంతకన్నా పాతదా, కొత్తదా అన్నది తెలుసుకోకుండా అదనపు అంచును కొనకండి.

పీట రెక్కను తీసి సన్నబడే రెక్కను వేయించాలన్న ఆలోచన కూడా కొందరికి వస్తుంది. అది కొన మార్చే పని కాదు. ఆ రెక్క అంతగా నచ్చితే వారియర్‌ను కొనడమే సూటి మార్గం.

ఆరవ పని: కాగితాలు, స్పార్ చరిత్ర

అమెరికాలో ధ్రువీకృత విమానం రెక్క ఆకారాన్ని మార్చడం పెద్ద మార్పు కిందికి వస్తుంది. దానికి ఆమోదిత సమాచారం కావాలి. సాధారణంగా అది ఎస్‌టీసీ (ఎఫ్ఏఏ ఇచ్చే అనుబంధ టైప్ సర్టిఫికెట్) రూపంలో ఉంటుంది. ఆ ఎస్‌టీసీ వర్తించే మోడళ్ల జాబితాలో మీ మోడల్, సీరియల్ సంఖ్య ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే చూడండి. కొనలతోపాటు ఆ ఎస్‌టీసీని మీ విమానానికి వాడుకోవడానికి దాని హక్కుదారు ఇచ్చే రాతపూర్వక అనుమతి కూడా మీ చేతికి రావాలి. ఎవరి గరాజ్ నుంచో సెకండ్‌హ్యాండ్ కొనలు చవకగా కొన్నప్పుడు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

తరువాత ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీ నుంచి మీ విమానం పూర్తి చరిత్రను తెప్పించుకోండి. అందులో ఇప్పటిదాకా దాఖలైన ఫారం 337లన్నీ (పెద్ద మరమ్మతులను, మార్పులను నమోదు చేసే పత్రాలు) ఉంటాయి. వాటిని లాగ్‌బుక్కులతోనూ, మీ కళ్లెదుట ఉన్న విమానంతోనూ పోల్చి చూడండి. మేము మొదట కొనబోయిన ఒక చెరొకీకి కొనలు మారినట్టు కనిపిస్తూనే ఉంది గానీ, ఏ కాగితంలోనూ ఆ మాట లేదు. ఆ బేరం అక్కడితో వదిలేశాం, దానికి ఇప్పటికీ చింత లేదు. ఒక విమానం మీద ఇదివరకే ఒక ఎస్‌టీసీ ఉంటే, రెండవది దానితో కలిసి సురక్షితంగా పనిచేస్తుందని తేల్చవలసిన బాధ్యత దాన్ని అమర్చే వ్యక్తి మీద ఉంటుంది. విడివిడిగా పరీక్షించిన కొనలు, వోర్టెక్స్ జనరేటర్లు, అంచు పట్టీలు ఒకే రెక్క మీద కలిసినప్పుడు ఏం జరుగుతుందో వాటిలో ఏ ఒక్క పత్రమూ చెప్పదు. అందుకే ఒకసారికి ఒక మార్పే చేయించండి.

ఇక స్పార్, అంటే రెక్క భారాన్ని మోసే ప్రధాన దూలం. కొనను బయటికి జరిపితే లిఫ్ట్‌లో కొంత భాగం బండికి మరింత దూరంగా పనిచేస్తుంది. ఆ వంపు భారమంతా చివరికి చేరేది రెక్క మూలంలో, స్పార్‌ను బండికి బిగించే బోల్టుల దగ్గరికే. 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర పైలట్ అర్హత పరీక్షలో ఉన్న ఒక పీఏ-28ఆర్-201 (ఆరో) ఎడమ రెక్క గాలిలోనే విడిపోయి, అందులోని ఇద్దరూ మరణించారు. కింది స్పార్ క్యాప్‌లో (స్పార్ అంచు పట్టీలో) బోల్టు రంధ్రం దగ్గర లోహ అలసట వల్ల పుట్టిన పగులు దానికి కారణమని దర్యాప్తులో తేలింది. ఆ తరువాత ఎఫ్ఏఏ జారీ చేసిన 2020-26-16 అనే ఆదేశం ఈ కుటుంబంలోని అనేక మోడళ్లకు, నిర్ణీత సేవా గంటలు దాటితే, ఆ రంధ్రాలను ఎడ్డీ కరెంట్ పద్ధతిలో (కంటికి కనిపించని పగుళ్లను విద్యుత్తుతో పసిగట్టే పద్ధతి) పరీక్షించాలని చెప్పింది. గంటల లెక్కలో శిక్షణ, అద్దె వాడకానికి ఎక్కువ భారం ఉంటుంది. అలాంటి వాడకంలో వంద గంటలకోసారి తనిఖీ జరుగుతుంది కాబట్టి, లాగ్‌బుక్కులో ఎన్ని వంద గంటల తనిఖీలు నమోదయ్యాయో లెక్కపెట్టాలి. నిడివి పెంచే మార్పు గురించి ఆలోచించే ముందు, ఈ ఆదేశం మీ విమానానికి వర్తిస్తుందా, వర్తిస్తే పరీక్ష జరిగిందా అన్నది మెకానిక్‌తో కూర్చుని తేల్చుకోండి. ఈ విషయంలో రాజీ పడకండి.

భారతదేశంలో వీటీ అక్షరాలతో నమోదైన విమానానికి అమెరికా ఎస్‌టీసీ ఒక్కటే సరిపోదు, భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం కావాలి.

ఏడవ పని: మార్చక ముందే కొలవండి

గాలి నిలకడగా ఉన్న ఒక ఉదయం, ఇంధనం ట్యాంకు మెడలోని ట్యాబ్ వరకు నింపి, మీరు ఒక్కరే వెళ్లండి. ఆల్టిమీటర్‌ను (ఎత్తు చూపే పరికరాన్ని) ప్రామాణిక గాలి పీడనమైన 29.92కి పెట్టి, 4000 అడుగుల ఎత్తులో ఒకే ఆర్‌పీఎం వద్ద నాలుగు దిక్కులకూ రెండేసి నిమిషాలు ఎగిరి, జీపీఎస్ చూపే వేగాలను రాసుకోండి. నాలుగింటి సగటు మీ అసలు వేగానికి చాలా దగ్గరగా ఉంటుంది. తరువాత కిందికి దిగి, గాలికి అడ్డంగా ఉండే దిశలో, మీ మాన్యువల్ చెప్పిన ఉత్తమ ఎక్కుడు వేగంతో 3000 నుంచి 4000 అడుగులకు చేరడానికి పట్టిన సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవండి. ఎదురు దిశలో కూడా ఇలాగే చేయండి. బయటి ఉష్ణోగ్రతను తప్పకుండా నమోదు చేయండి. స్టాల్ కొలతలను మరో రోజు, బోధకుడిని పక్కన పెట్టుకుని, నేల నుంచి కనీసం 3000 అడుగుల పైన, సెకనుకు ఒక నాట్ చొప్పున వేగం తగ్గిస్తూ తీసుకోండి. స్టాల్ దగ్గర వేగమాపకం చూపే అంకె అసలు వేగం కన్నా తక్కువగా ఉండవచ్చు. అయినా అదే విమానాన్ని దానితోనే పోలుస్తున్నారు కాబట్టి పోలికకు అది చాలు.

ఎనిమిదవ పని: బిగింపు

పనిని లైసెన్స్ ఉన్న మెకానిక్ చేయాలి లేదా ఆయన పర్యవేక్షణలో మీరు చేయవచ్చు. చివరి ఆమోదం తనిఖీ అధికారం ఉన్న మెకానిక్‌దే. పాత కొన విప్పగానే కొత్తది పెట్టే తొందర వద్దు. రెక్క చివరి రిబ్బు, స్పార్ చివర టార్చి వెలుగులో కనిపించే అరుదైన అవకాశం ఇది. తెల్లని పొడి, ఉబ్బిన పెయింటు, పొగ రంగు చార వదిలిన రివెట్లు, పక్షులు తెచ్చిన గడ్డి ఉన్నాయేమో చూడండి. కొనలో నీరు నిలవకుండా పోయే రంధ్రం ఉండాలి.

ఫైబర్‌గ్లాస్ విద్యుత్తును ప్రవహింపజేయదు. అందువల్ల కొన మీది దీపానికి తిరుగు తీగను రెక్క లోహం దాకా ప్రత్యేకంగా తీసుకెళ్లాలి. కొత్త కొన వేశాక దీపం మినుకుమంటూ ఉంటే ముందుగా చూడవలసింది దీన్నే. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటి ఎదురుగా ఉన్న దిశ నుంచి తమ వైపుకు 110 డిగ్రీల మేర అడ్డు లేకుండా కనిపించాలి. వంపు తిరిగిన కొన అంచు దీపాన్ని దాచకూడదు. ఏలరాన్‌ను పైకీ కిందికీ పూర్తిగా కదిపి, కొత్త కొనకూ దానికీ మధ్య ఖాళీ అంతటా ఉందని చూడండి. కొనలకు రంగు వేసే ఉత్సాహంలో ఏలరాన్‌కు కూడా మరో పూత వేయించకండి. ఆ పూత బరువు దాని సమతూకాన్ని మారుస్తుంది. సమతూకం తప్పిన ఏలరాన్ వేగంలో కొట్టుకోవడం మొదలుపెడితే రెక్కకే ప్రమాదం. రంగు వేయక తప్పకపోతే, విప్పి సమతూకం సరిచూసి బిగించాలి.

ముందు అంచును మార్చారంటే స్టాల్ హెచ్చరిక పరికరాన్ని మరచిపోవద్దు. చెరొకీలో ఎడమ రెక్క ముందు అంచున ఉండే చిన్న రేకు గాలికి పైకి లేచి హెచ్చరికను మోగిస్తుంది. సెస్నా 172లో అదే చోట ఉన్న రంధ్రం గాలిని లాగుతూ పీక ఊదుతుంది. అంచు ఆకారం మారితే అవి మోగే వేగమూ మారుతుంది. హ్యాంగర్ తలుపు వెడల్పును కూడా ఈ దశలో ఒకసారి కొలుచుకోండి.

తొమ్మిదవ పని: నమోదు, మొదటి ఎగురుడు

బరువు, సమతుల్యత పత్రాన్ని కొత్త కొనల తూకంతో సవరించాలి. ఎస్‌టీసీతో వచ్చిన మాన్యువల్ అనుబంధాన్ని విమానంలో ఉంచాలి. ఫారం 337 ఒక ప్రతి మీకు, ఒక ప్రతి ఓక్లహోమా సిటీకి వెళ్లాలి. లాగ్‌బుక్కులో మార్పు వివరం, తేదీ, సంతకం ఉండాలి. బీమా సంస్థకు కూడా తెలియజేయండి.

ఎగిరే స్వభావాన్ని గుర్తించదగినంతగా మార్చగల పని జరిగిన తరువాత, తగిన అర్హత ఉన్న పైలట్ విమానాన్ని ఎగిరి పరీక్షించి, ఆ విషయాన్ని లాగ్‌బుక్కులో రాసేవరకు ప్రయాణికులను ఎక్కించకూడదని అమెరికా నిబంధన చెబుతుంది. కాబట్టి మొదటి ఎగురుడులో ఒక్కరే ఉండండి. పక్కన కూర్చోవాలని ఎంత ఉబలాటపడ్డా మీ భాగస్వామిని నేల మీదే ఆగమనండి. రన్‌వేకి దగ్గరగా, తగినంత ఎత్తులో ఉంటూ, మెల్లగా పక్కలకు ఒరిగించి చూడండి. చేతులు వదిలితే విమానం ఒక వైపు వాలుతోందేమో గమనించండి. వాలితే రెండు కొనలూ ఒకే కోణంలో బిగిశాయో లేదో దిగాక కొలిపించండి. కొత్త అలికిడి గానీ వణుకు గానీ తోస్తే వేగం తగ్గించి దిగిపోండి.

ఆ ఎగురుడు సాఫీగా ముగిసి, లాగ్‌బుక్కులో నమోదయ్యాకే ఏడవ పనిలోని కొలతలన్నిటినీ అదే ఇంధనం, అదే ఎత్తు, వీలైతే అదే ఉష్ణోగ్రతలో మళ్లీ తీసుకోండి. స్టాల్ పరీక్షకు అప్పుడు కూడా బోధకుడు తోడుండాలి. హెచ్చరిక స్టాల్‌కు ఎన్ని నాట్ల ముందు మోగిందో, మొదట ఒరిగింది ఏ రెక్కో, ఏలరాన్లు అప్పటికి పనిచేస్తున్నాయో లేదో ఆయన చేత రాయించండి. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి, మొదటి రోజు మీరు రాసుకున్న వాక్యంతో పోల్చండి. ఎక్కుడులో నిమిషానికి ఇరవై ముప్పై అడుగులు పెరిగితే మీ లెక్క సరిగ్గానే ఉన్నట్టు. వంద అడుగులు పెరిగినట్టు కనిపిస్తే, సంతోషించే ముందు ఆ రెండు రోజుల ఉష్ణోగ్రతను, బరువును మరోసారి సరిచూడండి. పాతిక గంటలు ఎగిరాక కొన స్క్రూలన్నిటినీ ఒకసారి తడిమి, వాటి చుట్టూ సన్నని పగుళ్లు మొదలయ్యాయేమో భూతద్దంతో చూసి, ఆ తేదీని కూడా లాగ్‌బుక్కులో రాయించండి.